ఖార్తూములో రెండు శుక్రవారాలు

గల్ఫ్‌కు పోయేవాళ్లకు నాలుగు మంచిమాటలు చెప్పమని మా మండలంలో నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. ఏళ్ల తరబడి సౌదీలో ఉండి వచ్చినవాణ్ణి కాబట్టి పిలవడంలో తప్పు లేదు. పాస్‌పోర్టు కాపీలు ఎన్ని తీసుకోవాలి, కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, ఎలాంటివాడో ముందే ఎలా కనుక్కోవాలి, ఎండలో తలకు తడిగుడ్డ ఎందుకు చుట్టుకోవాలి, ఇవన్నీ చెప్తాను. వాళ్లు రాసుకుంటారు. చివర్లో ఎవరో ఒకరు లేచి, "అన్నా, అంత కాలంల నువ్వు చేసిన పెద్ద తప్పేంది?" అని అడుగుతారు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు చూసుకోకపోవడం అని చెప్పి కూర్చుంటాను. అందరూ నవ్వుతారు. ఆ జవాబు అబద్ధం. అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నానని మీరు అనుకుంటే, అదీ నిజమే.

నేను పనిచేసింది బురైదాలో. ఊరి చుట్టూ ఖర్జూరపు తోటలు. ఆ తోటలకు నీళ్లు తోడే పంపులూ మోటార్లూ బాగుచేసే కంపెనీ మాది. మొదటి నాలుగేళ్లు కందకాలు తవ్వాను, పైపులు మోశాను. పదో తరగతి పాసయ్యాననీ, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తడబడకుండా చదువుతాననీ తెలిశాక నన్ను స్టోరులోకి మార్చారు.

స్టోరు చూసుకునేది ఒక సూడాన్ పెద్దాయన. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. పొడగరి, మాట నెమ్మది. నేను వెళ్లిన మొదటి రోజే నా చేతిలో ఒక బేరింగు పెట్టి, "దీని పేరేమిటి?" అన్నాడు. నేను దాని అంచు మీద చెక్కిన నంబరు చదివాను. "అది దాని ఇఖామా నంబరు. నేనడిగింది పేరు" అన్నాడు. ఏ పంపులో ఏది పడుతుందో, ఏది తిరిగితే ఏ చప్పుడు వస్తుందో నెలల తరబడి నేర్పాడు. అరబ్బీ కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. మధ్యాహ్నం తన గిన్నెలోంచి సగం నాకు పెట్టేవాడు. జొన్నపిండి పులియబెట్టి పల్చటి అట్లు పోసుకుంటారు వాళ్లు. ఎండబెట్టిన బెండకాయ పొడితో పులుసు. జొన్నరొట్టె తిని పెరిగిన నాకు అది పరాయి తిండి అనిపించలేదు.

ఆయన్ని అందరూ "అమ్" అనేవాళ్లు. అరబ్బీలో చిన్నాన్న అని. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మా గదిలో ధర్మపురి దగ్గరి ప్లంబర్ ఒకాయన ఉండేవాడు. వరసకు ఏమీ కాకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. సాయంత్రం నేను గదికి రాగానే, "మీ అమ్మ మంచిగున్నదా బావా?" అని వెక్కిరించేవాడు.

స్టోరులోకి వచ్చిన ఏడాదికి ఒక మెకానిక్కు కోపంగా తిరిగొచ్చాడు. అడిగిన బేరింగు ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. ఆఖరి అంకె తేడా. తోటలో పంపు విప్పి కూర్చున్నాక సంగతి బయటపడిందట. ఇచ్చింది అమ్. నేను ముందుకొచ్చి, నేనే పొరపాటున తీసిచ్చానని చెప్పాను. మెకానిక్కు నన్ను తిట్టుకుంటూ వెళ్లాడు.

అమ్ తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కల నుంచి చీకటి కమ్ముకొస్తోంది. చిన్న అక్షరాలు అలుక్కుపోతున్నాయి" అన్నాడు.

"డాక్టరుకు చూపించుకున్నారా?"

"కంపెనీ కార్డు మీద డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం ముదీర్ బల్ల మీదికి వస్తుంది. స్టోరుకు గుడ్డివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? అమ్మాయి చదువు పూర్తి కావాలి. అంతవరకు నువ్వు చదివిపెట్టు." నా చెయ్యి పట్టుకున్నాడు. "ముదీర్‌కు చెప్పకు. మా ఇంటికి ఫోన్ చేసినప్పుడు పక్కనుంటావు కదా, వాళ్లకూ చెప్పకు. కంగారుపడతారు."

చెప్పనన్నాను. ముదీర్ అంటే మా మేనేజరు.

అలా మూడేళ్లు నడిచింది. వచ్చిన చీటీ నేను గట్టిగా చదివేవాణ్ణి, నా కోసం చదువుకుంటున్నట్టు. ఆయన తిన్నగా వెళ్లి, బొటనవేలు రంధ్రంలో దూర్చి కొలిచి, సరైన వస్తువు తెచ్చేవాడు. నేను నంబరు సరిచూసి తలూపేవాణ్ణి. ఈ సంగతి మా ఇద్దరితో పాటు ఇంకొకరికి తెలుసు. అమ్ అక్క కొడుకు. మా కంపెనీలోనే లారీ డ్రైవరు. అతడు రోజూ పదింటికి సరుకు ఎక్కించుకోవడానికి వచ్చి మాతో చాయ్ తాగేవాడు. మనలాగే మేనమామ కూతురిని చేసుకోవడం వాళ్లలోనూ ఉంది. అమ్ కూతురికీ అతడికీ మాట అయిపోయింది. చదువు కాగానే పెళ్లి. మామ ముందు అతడు సిగరెట్టు కూడా తాగేవాడు కాదు.

ఇలా ఉండగా నితాకత్ వచ్చింది. మీలో చిన్నవాళ్లకు ఆ పేరు తెలియకపోవచ్చు. కంపెనీలో సౌదీవాళ్లు ఎందరు, బయటివాళ్లు ఎందరు అని లెక్కతీసి, ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు ఇచ్చారు. పచ్చరంగు అయితే ఫర్వాలేదు. ఎరుపు అయితే బయటివాళ్ల ఇఖామాలు కొత్తవి చెయ్యరు. మాది ఎరుపు. తనిఖీల భయానికి బురైదా బజారులో సగం దుకాణాలు షట్టర్లు దించుకున్నాయి. క్యాంపులో ఎవరి పెట్టె చప్పుడైనా, పంపించేస్తున్నారేమోనని పక్కగదివాళ్లు తొంగిచూసేవాళ్లు.

ఒక ఉదయం ముదీర్ నన్ను ఒక్కణ్ణే పిలిచాడు.

"స్టోరులో ఒక సౌదీ కుర్రవాణ్ణి పెడుతున్నాను. అతడి పక్కన ఒక్కడే ఉండాలి. మీ ఇద్దరి ఇఖామాలూ వచ్చే నెలతో అయిపోతాయి. ఒకటే కొత్తది చేయించగలను" అన్నాడు.

ఒక్కటి అంటే ఒక్కటే అన్నట్టు వేలు చూపించాడు.

"ముసలాయనకు పని బాగా తెలుసు. నిన్ను పంపించడమే సబబు అనిపిస్తోంది. ఏమంటావు?"

ఆయన మాటల్లో కోపం లేదు. నిజంగానే నా అభిప్రాయం అడిగినట్టు అడిగాడు. నాకు ఊళ్లో మా ఇల్లు గుర్తొచ్చింది. గోడలు లేచి, పైకప్పు పడని ఇల్లు. నా భార్య ఆ గోడల మధ్య రేకులు కప్పుకుని చిన్నపిల్లతో ఉంటోంది. ఇది నేను సాకుగా చెప్పడం లేదు. అప్పుడు నా బుర్రలో ఏముందో చెబుతున్నాను, అంతే. అమ్‌కూ ఒక ఇల్లు ఉంది, అది నాకు గుర్తు రాలేదు.

"ఆయనకు కళ్లు కనిపించవు" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ముదీర్ ఒక నిమిషం నన్ను చూసి, సరే వెళ్లు అన్నాడు.

మర్నాడు ముదీర్ స్టోరుకు వచ్చాడు. జేబులోంచి ఒక చీటీ తీసి అమ్ చేతికిచ్చి, "ఇందులో ఉన్నవి నాకు తీసివ్వు" అన్నాడు. అమ్ ఆ చీటీని కాసేపు పట్టుకుని, మామూలుగా నావైపు చాచాడు. "చదువు నాయనా, కళ్లద్దాలు గదిలో మరిచాను."

"అతడు వద్దు. నువ్వే చదువు" అన్నాడు ముదీర్.

అమ్ చీటీని కళ్ల దగ్గరికి తెచ్చాడు, దూరం జరిపాడు, వెలుతురు వైపు తిప్పాడు. తరువాత చెయ్యి కిందికి దించి, నేను నిలబడ్డ వైపు ముఖం తిప్పి ఆగాడు. నేను ఏదో ఒకటి అంటానని ఎదురుచూశాడు. ఏదైనా అని ఉండవచ్చు. రాత అర్థం కావడం లేదనో, అంకెలు చెరిగిపోయాయనో. నేను పెదవి విప్పలేదు. ముదీర్ చీటీ తీసుకుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే అమ్ ప్రయాణం కట్టారు. తాళాలు నాకు అప్పగిస్తూ, "ముదీర్‌కు ఎవరు చెప్పి ఉంటారు?" అని అడిగాడు.

"తెలియదు అమ్" అన్నాను.

ఆయన నన్ను కౌగిలించుకుని, వీపు తట్టి వెళ్లాడు.

తరువాత అందరూ అనుకున్నట్టే జరిగింది. సౌదీ కుర్రవాడు వచ్చాడు, మంచివాడే. పని నేను చేశాను. అమ్ ప్రతి పండుగకూ ఫోన్ చేసేవాడు. మా ఇంట్లోవాళ్ల గురించి అడిగేవాడు, ఏ పంపుకు ఏది పెట్టావని అడిగేవాడు. డ్రైవరు మాత్రం పదింటి చాయ్ దగ్గర దిగులుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. "మామ నా ఫోన్ ఎత్తడం లేదు. మా అమ్మ వెళ్తే తలుపు తీసి మాట్లాడలేదట. పెళ్లిమాట ఎత్తొద్దన్నాడట. నేనేం చేశానో తెలియడం లేదు" అని నాకే చెప్పుకునేవాడు. సర్దుకుంటుందిలే అని చాయ్ పోసేవాణ్ణి. కారణం ఏమిటో నాకు అనుమానం తగిలింది. ఆ అనుమానాన్ని వెంట తరమలేదు, వెనక్కి నెట్టాను.

అమ్ వెళ్లిన మూడేళ్లకు మా యజమాని సూడాన్‌లో గడ్డి పెంచే పొలం తీసుకున్నాడు. అక్కడి పంపులకు ఖార్తూములో ఒక చిన్న స్టోరు పెట్టాలి. నన్ను పన్నెండు రోజులకు పంపించారు. పంపిన ఉత్తరువు చూసి ముందు సంతోషించాను, నిజం. సౌదీ కాక ఇంకో దేశం చూడడం అప్పటికి నాకు కొత్త. అమ్ ఉండే ఊరు అని తరువాత గుర్తొచ్చింది.

అది వానలకు ముందరి ఎండాకాలం. ఆ ఊళ్లో నెలల తరబడి చినుకు పడదు. గాలిలో ఎప్పుడూ సన్నటి దుమ్ము. మధ్యాహ్నం సూర్యుణ్ణి కళ్లార్పకుండా చూడవచ్చు, ఇత్తడి పళ్లెంలా ఉంటాడు. నైలు నది బాగా తగ్గిపోయి ఒడ్డున నల్లమట్టి బయటపడితే, అందులో దోసపాదులూ చిక్కుళ్లూ వేసుకున్నారు. మన దగ్గర వాగు ఎండితే పుచ్చకాయ వేసినట్టే. వీధుల్లో మన దేశపు ఆటోలే. గోడల పక్కన నీడలో పెద్ద పెద్ద మట్టికుండలు, వాటి మీద రేకు మూతలు, ఒక గ్లాసు. ఎవరు ఎవరి కోసం నింపుతారో, దాహమైనవాడు తాగి పోతాడు. చలివేంద్రానికి బోర్డు రాయకపోతే ఎలా ఉంటుందో అలాగ. నేనూ తాగాను. ఎవరూ నా దేశం అడగలేదు.

మొదటి శుక్రవారం వంతెన దాటి అవతలి ఒడ్డున ఉన్న ఓమ్‌దుర్మాన్‌కు వెళ్లాను. హైదరాబాదుకు సికింద్రాబాదు లాంటిది అది. అమ్ వీధి చివరి వరకు వచ్చి నిలబడ్డాడు, ఒక చెయ్యి కూతురి భుజం మీద. నేను ఎదురుగా వచ్చినా గుర్తుపట్టలేదు. "అస్సలాం అలైకుం అమ్" అన్నాక ముఖం విప్పారింది. నా ముఖం చేతులతో తడిమి, "బరువెక్కావు" అన్నాడు. చూపు పూర్తిగా పోయింది.

ఇంటి ఆవరణలో నులకమంచాలు వేసి ఉన్నాయి. ఇరుగుపొరుగు నలుగురిని పిలిచి ఉంచాడు. "మూడేళ్లు నా కళ్లు ఇతడివే" అని వాళ్లకు చెప్పాడు. వాళ్లు లేచి ఒక్కొక్కరే నాకు చెయ్యి కలిపారు. ఆయన భార్య జొన్న అట్లూ బెండపొడి పులుసూ చేసి, నేను హిందువునని నా కోసం మాంసం లేకుండా విడిగా వండానంది. తిన్నాను. రుచి తెలిసింది కూడా. అది చెప్పడానికే సిగ్గుగా ఉంది.

పొరుగువాళ్లు వెళ్లాక, డ్రైవరుతో మాటలు లేవటగా అని నేనే కదిపాను. ఎందుకు కదిపానో నాకే తెలియదు.

"నా కళ్ల సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు నువ్వు, ఒకడు వాడు" అన్నాడు అమ్. "నువ్వు చెప్పేవాడివైతే మూడేళ్లు ఎందుకు చదివిపెడతావు? వాడికి నా పిల్లను తొందరగా చేసుకుని, నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలని ఉండేది. చాలు మామా, విశ్రాంతి తీసుకో అని పోరేవాడు. వాడే చెప్పాడు. పరాయివాడు చేస్తే మర్చిపోవచ్చు. అక్క కొడుకు."

నేను గ్లాసులో మిగిలిన చాయ్ తాగేశాను.

సాయంత్రం ఆయన కూతురు గేటు దాకా వచ్చింది. బడిలో పంతులమ్మగా చేస్తోందట. గేటు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"మీరు ఆ రోజుల్లో అక్కడే ఉన్నారు. నిజంగా చెప్పింది అతనేనా? నాన్న నా మాట వినడు. మీరు కాదంటే వింటాడు. అవునంటే నేనూ నమ్మి ఊరుకుంటాను."

నాకు చెప్పడానికి అంతకంటే మంచి చోటు దేవుడు కూడా చూపించలేడు. ఆమె నా కళ్లలోకి సూటిగా చూస్తోంది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి లోపలికి వెళ్లింది. నేను ఆటో ఎక్కాను.

ఆ వారమంతా స్టోరు సర్దాను. పెట్టెల మీద అంటించాల్సిన చీటీలు ఒకదానివి ఒకదానికి అంటించి, మళ్లీ పీకి అంటించాను. బురైదాకు ఫోన్ చేసి ప్లంబర్ బావకు మొత్తం చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన అంతా విన్నాడు.

"ఏం జేస్తవు బావా, నువ్వు చెప్పకుంటె నిన్నే పంపుతుండె. నువ్వు గాకుంటె ఇంకోడు చెప్పెటోడు. అయిపోయిన ముచ్చట తవ్వుడెందుకు? పని జూస్కొని రా" అన్నాడు.

"మరి ఆ డ్రైవరు?"

"గాయనకు వేరె పిల్ల దొర్కదా? ఊకో."

నన్ను ఓదార్చడానికే అన్నాడు పాపం. కానీ ఆ మాటలు నేను మూడేళ్లుగా నాకు చెప్పుకుంటున్నవే. ఇంకొకరి నోట వింటే అవి ఎంత నీచంగా ఉన్నాయో అర్థమైంది. అయినా వెంటనే బయలుదేరలేదు. సోమవారం వెళ్లవచ్చు, బుధవారం వెళ్లవచ్చు. వెళ్లలేదు. శనివారం నా విమానం. శుక్రవారం ఇక మిగిలిన ఒక్క రోజు కాబట్టి వెళ్లాను. టికెట్టు గురువారానికి ఉండి ఉంటే, చెప్పకుండానే వచ్చేసేవాణ్ణని నా గట్టి నమ్మకం.

అమ్ నమాజు నుంచి అప్పుడే వచ్చి కూర్చున్నాడు. మళ్లీ వచ్చానని సంతోషపడి, వంట చెయ్యమని లోపలికి కేకేశాడు.

"అమ్, చెప్పింది నేను" అన్నాను.

"ఏం చెప్పావు?"

"మీ కళ్ల సంగతి ముదీర్‌కు చెప్పింది నేను. మీ మేనల్లుడు కాదు. నన్ను పంపిస్తానన్నాడు, అందుకు చెప్పాను."

వాకిట్లో కోడి ఒకటి గింజలు ఏరుకుంటోంది. ఆయన నావైపు ముఖం తిప్పి అడిగాడు.

"నా చేతికి చీటీ ఇచ్చినప్పుడు నువ్వు ఎక్కడున్నావు?"

"మీ పక్కనే."

"ఎంత దూరంలో?"

"చెయ్యి చాస్తే అందేంత."

"నీ ఊపిరి వినిపించింది. నా కోసం భయపడుతున్నావనుకున్నాను" అన్నాడు.

నేను క్షమించమని అడగబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇద్దరికి చెప్పొద్దని నీకు చెప్పాను. ముదీర్‌కు, నా ఇంటికి. ఇక్కడి డాక్టరు ఏమన్నాడో తెలుసా? చీకటి మొదలైనప్పుడే వచ్చి ఉంటే మందుచుక్కలతో ఆగేదట. నా ఇంటికి నువ్వు చెప్పి ఉంటే, నేను తిట్టేవాణ్ణి, కానీ నా భార్య నన్ను విమానం ఎక్కించి తెచ్చుకునేది. మాట తప్పదలిస్తే తప్పడానికి ఒక మంచి చోటు ఉండింది. నువ్వు అది వదిలి ముదీర్‌ను ఎంచుకున్నావు."

ఆయన గొంతు పెంచలేదు. నేను చేసిన తప్పు ఒక్కటే అనుకుని వచ్చాను. అది రెండని అప్పుడు తెలిసింది. మూడేళ్లు చదివిపెట్టినందుకు లోలోపల నన్ను నేను మెచ్చుకుంటూ ఉండేవాణ్ణి. ఆ మెప్పు కూడా ఆ రోజుతో పోయింది.

"వాడికి ఫోన్ చెయ్యి. నాకు చెప్పినట్టే చెప్పు. నాకు వినపడేలా" అన్నాడు.

చేశాను. డ్రైవరు లారీలో ఉన్నాడు. పక్కకు ఆపమన్నాను. ఆపాక చెప్పాను, అరబ్బీలో, ఒక్కో మాటా కూడదీసుకుని. అవతల లారీ ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తరువాత ఇంజను కూడా ఆగింది.

"మామ అక్కడున్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు."

"ఫోన్ ఆయనకివ్వు."

ఇచ్చి ఆవరణలోకి వచ్చేశాను. అమ్ కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"పోయిన శుక్రవారం నేను మిమ్మల్ని అడిగాను" అంది.

"అవునమ్మా."

లోపలి నుంచి అమ్ ఏడుపు వినిపించింది. ఏడుస్తూనే మాట్లాడుతున్నాడు, ఆపి వింటున్నాడు, మళ్లీ మాట్లాడుతున్నాడు. చాలాసేపు అలాగే సాగింది. నా ఫోను ఆయన దగ్గరే ఉంది కాబట్టి నేను వెళ్లలేను. లోపలికీ పోలేను. పొయ్యి మీద నా కోసం పెట్టిన పులుసు ఉడుకుతున్న వాసన వస్తోంది. చివరికి కూతురు ఫోను తెచ్చి నా చేతికిచ్చింది. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ ఎవరూ అనలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను. వంతెన దాకా ఆ దుమ్ములో నడుచుకుంటూనే వచ్చాను.

రియాద్ విమానాశ్రయానికి కంపెనీ తరఫున నన్ను తీసుకుపోవడానికి వచ్చింది డ్రైవరే. అతడి డ్యూటీ అది. నా సంచి అందుకుని వ్యానులో పెట్టాడు. "సామాను ఇంతేనా?" అని అడిగాడు. బురైదాకు మూడున్నర గంటల దారి. ఇసుక, స్తంభాలు, ఒంటెల కోసం వేసిన కంచె. రెండు గంటల దారి గడిచింది.

"రోజూ నీతో చాయ్ తాగాను. మామ ఫోన్ ఎత్తడం లేదని నీకే చెప్పుకున్నాను. కారణం అప్పుడే నీకు తెలుసా?" అన్నాడు, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

"అనుమానం ఉండేది."

"అనుమానం" అన్నాడు అతడు, ఆ మాటను నాలుక మీద పెట్టి చూసినట్టు.

ఆ తరువాత ఏడాదికి బయటివాళ్లలో ఒక్కొక్కరి మీద నెలనెలా లెవీ కట్టాలన్నారు. కంపెనీలు మనుషుల్ని మోయలేక వదిలించుకున్నాయి. ముదీర్ నన్ను పిలిచాడు. ఈసారి ఎవరి అభిప్రాయమూ అడగలేదు. నేను దేన్ని కాపాడుకోవడానికి అమ్‌ను ముంచానో, ఆ ఉద్యోగం మరీ ఎక్కువ కాలం నిలవలేదు. గది ఖాళీ చేస్తుంటే ప్లంబర్ బావ పెట్టెకు తాడు కట్టిపెట్టాడు. "మంచిగనే బతికినం బావా" అన్నాడు. నేను తల ఊపాను.

చివరికి చెప్పావు కదా, అదే గొప్ప, అని మీలో కొందరు అంటారు. దయతో అంటారని తెలుసు. కానీ నేను చెప్పిన రోజు కంటే, చెప్పకుండా భోజనం చేసి వచ్చిన ఆ ముందు శుక్రవారమే నాకు ఎక్కువ గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ నగరంలో యుద్ధం. వంతెనల మీద కాల్పులని వార్తల్లో చూపించినప్పుడు అమ్ నంబరుకు చేస్తాను. మోగదు. మోగితే ఏం మాట్లాడాలో కూడా తేల్చుకోలేదు.

డ్రైవరు నాకంటే ముందే వెళ్లిపోయాడు, ఖార్తూము నుంచి నేను వచ్చిన నాలుగు నెలలకు, పెళ్లి చేసుకోవడానికి. వెళ్లే రోజు గదిగదికీ తిరిగి అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. నా దగ్గరికి రాడనుకుని స్టోరులో లోపలికి వెళ్లి ఏదో సర్దుతూ నిలబడ్డాను. వచ్చాడు. అందరితో కలిపినట్టే నాతోనూ చెయ్యి కలిపాడు.

"మామ నీకు సలాం చెప్పమన్నాడు" అన్నాడు.

అమ్ నిజంగా పంపాడో, వెళ్లేటప్పుడు ఒక మంచిమాట చెప్పి పోదామని అతడే కల్పించాడో నాకు తెలియదు. అతడి ముఖం చూసి పోల్చుకోగలిగేవాణ్ణేమో. నేను తలెత్తలేదు.